మూడింటికి పోయే లైను

“ఇప్పుడు బాగానే ఉంటుంది లెండి. మీరొచ్చారుగా! పన్ను నొప్పి కూడా డాక్టరు గుమ్మం తొక్కగానే తగ్గిపోతుంది,” అంది పాటల టీచరు.

కేబులాయన నేల మీద చతికిలబడి నెట్ పెట్టె వైపు చూశాడు. మూడు దీపాలూ పచ్చగా వెలుగుతున్నాయి. భోంచేసి వచ్చాడేమో, వాటినే చూస్తుంటే కళ్ళు మూతలు పడుతున్నాయి. కిటికీ తెర నెమ్మదిగా ఉబ్బుతోంది, నెమ్మదిగా తగ్గుతోంది. మధ్యాహ్నం ఆ గదిలోకొచ్చి కునుకు తీస్తున్నట్టుంది.

“ఎప్పట్నుంచమ్మా ఇలా?”

“పది రోజుల్నుంచి. మూడింటికి ఆన్‌లైన్ క్లాసు. నేను కళ్ళు మూసుకుని పాడతాను. తెరిచి చూసేసరికి లైనుండదు. పాట ఆపి, ఓ ఏడుపు ఏడ్చి, మొహం కడుక్కునొచ్చేసరికి దానంతటదే వచ్చేస్తుంది.”

“పాట మొదలైతే పోయి, ఆపితే వస్తోందా?” అతనికి నవ్వాగలేదు. “నా సర్వీసులో ఇలాంటి వైరుని చూళ్ళేదు.”

“మీకు నవ్వులాటగానే ఉంటుంది అన్నా. పదకొండు మంది పిల్లలు నలుగురయ్యారు. ఇవాళ కూడా మధ్యలో పోతే వాళ్ళనీ మాన్పించేస్తామని తల్లులు చెప్పేశారు. నాకు పాట తప్ప ఇంకోటి చేతకాదు.”

ఆమె కళ్ళు తడిసేసరికి అతని మత్తు దిగిపోయింది. వైరు పట్టుకుని వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళాడు. అది బీరువా చాటుగా పోయి గోడలోకి దూరింది. ఒకప్పుడు ఒకే ఇల్లు. మధ్యలో గోడ లేపి రెండు వాటాలు చేశారు. అవతల అక్క, ఇవతల చెల్లెలు. లైను వచ్చే అసలు పెట్టె అక్క దగ్గరుంది. గోడలకు చెవులుంటాయంటారు గానీ, ఈ గోడకున్నది వైరు పట్టేంత కన్నం ఒక్కటే.

“అవతల ఆపుతున్నారేమో అడిగారా?”

“మాకు మాటల్లేవు. ఆరేళ్ళయింది.” ఆమె గొంతు తగ్గించింది. “‘పాటలు కూడు పెడతాయటే?’ అని నలుగురిలో అంది. ఇప్పుడు పెడుతున్నాయిగా, అది చూళ్ళేకపోతోంది. కావాలని ఆపుతోంది. మీరు ఆ వైరు పీకేసి నాకు వేరే లైను వేసెయ్యండి. ఆ ఒక్క పోగూ తెగిపోతే పీడా పోతుంది.”

“ముందు చూడనివ్వండమ్మా,” అని అతను లేచాడు.

రెండు వాటాలకీ వరండా ఒకటే. పక్క తలుపు రెండుసార్లు కొట్టాక అక్క తీసింది. లోపల పాతకాలం ఫ్యాను గడగడలాడుతోంది.

“ఏమిటీ? ఈ ఫ్యాను గోలలో ఒక్క ముక్క వినపడి చావదు. ఈ చెవి వైపొచ్చి చెప్పు నాయనా.”

అతను కుడి చెవి దగ్గరికెళ్ళి చెప్పాడు. పెట్టె గోడకి బిగించి ఉంది. దీపాలన్నీ సక్రమంగా ఉన్నాయి. దాని కింద స్విచ్‌బోర్డు కొత్తది.

“పాతది కాలిపోతే మొన్నామధ్య కరెంటాయనొచ్చి ఏదో ముడేసి పోయాడు,” అంది అక్క.

“మూడింటికి ఈ పెట్టె మీరు ఆపుతున్నారా?”

“నేనా! ముట్టుకుంటే చెడుతుందని మా ఆయన చెప్పి పోయారు. ఆనాటి నుంచి దుమ్ము కూడా దులపలేదు.”

దుమ్ము నిజంగానే వేలి మందాన పేరుకుని ఉంది.

“మరి ఆ టైములో మీరేం చేస్తుంటారు?”

“నడుం వాలుస్తాను. ఆవిడగారి కచేరీ వాల్చనిస్తేగా!”

మంచం మీద దుప్పటి నలగలేదు. పడక్కుర్చీ మాత్రం గోడకి ఆనించి ఉంది, దాని చేతి మీద ఒక తువ్వాలు. ఇల్లు ఊడ్చి కుర్చీ సర్దలేదు కాబోలు అనుకుని అతను బయటికొచ్చేశాడు.

“తను కాదంటున్నారు,” అన్నాడు టీచరుతో.

“మరి దొంగ ఒప్పుకుంటాడా?”

“మీరు మొదలుపెట్టండి. నేనిక్కడే కూర్చుంటాను.”

మూడయింది. ల్యాప్‌టాప్ తెర మీద నలుగురు పిల్లలు ప్రత్యక్షమయ్యారు. ఆమె కళ్ళు మూసుకుని జోలపాట ఎత్తుకుంది. గది ఎక్కడికో తేలిపోయింది. ఎండ, కిటికీ తెర, నేల మీద నీడ అన్నీ ఆ పాటలో మెల్లగా ఊగుతున్నాయి. తనని ఎవరో భుజాన వేసుకుని నడుస్తున్నట్టు కేబులాయనకి అనిపించింది. హాయిగా ఉంది. ఎందుకో దుఃఖంగానూ ఉంది.

అంతలో పచ్చ దీపం ఎర్రబడింది. తెర మీద పిల్లలు నోళ్ళు తెరిచినవాళ్ళు తెరిచినట్టే బిగుసుకుపోయారు. ఆమెకి తెలియదు, పాడుతూనే ఉంది. ఆపడానికి అతనికి మనసొప్పలేదు. మొదటి చరణం అయ్యేదాకా ఓపిక పట్టి, “అమ్మా,” అన్నాడు.

ఆమె కళ్ళు తెరిచింది. తెర వైపు చూసి చివ్వున లేచింది.

“ఆరేళ్ళు ఊరుకున్నాను. ఇవాళ అడిగేస్తాను!”

వరండాలోకి విసవిసా నడిచింది. అతను వెంటపడ్డాడు. అక్క కిటికీ తెరిచే ఉంది. లోపల పెట్టె మీద ఒక్క దీపం కూడా లేదు. ఫ్యాను కదలడం లేదు. అక్క పడక్కుర్చీలో మధ్య గోడకి చెవి ఆనించి కూర్చుంది. మెడ మీదుగా చెమట ధారగా కారుతోంది. ఒళ్ళో తువ్వాలుంది.

కేబులాయన ఒకసారి ఫ్యాను వైపు, ఒకసారి పెట్టె వైపు చూసి తల కొట్టుకున్నాడు.

“రెంటినీ ఒకే స్విచ్‌కి ముడేశాడమ్మా ఆ కరెంటాయన,” అన్నాడు గుసగుసగా. “ఫ్యాను కట్టేస్తే పెట్టె కూడా పోతుంది.”

“ఇంత ఉక్కలో ఫ్యానెందుకు కట్టేసింది?” అంది చెల్లెలు.

లోపల అక్క వేళ్ళతో గోడని మెల్లగా తట్టింది.

“రోజూ సగంలోనే ఆపేస్తున్నావేమే, చెల్లీ?”