బల్ల ఆదివారం

చందర్లపాడు చర్చిలో ముందు వరసలో కూర్చున్న నా భార్య లూర్దమ్మ పక్కకి ఒరిగిపోయింది. ఎప్పట్లాగే బయట మెట్ల మీద చెప్పులకి కాపలా కూర్చున్న నేను లోపలికి పరిగెత్తాను. ఒళ్ళంతా చెమట, మాట ముద్దగా వస్తోంది. పొద్దున ఇన్సులిన్ పొడుచుకుని, ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆదివారమని ఉపవాసంతో వచ్చేసింది. షుగరు పడిపోయింది.

ఆటోలో నందిగామ ఆసుపత్రికి అరగంట.

ఎవరో నేతి లడ్డు అందించారు.

"నెయ్యుంటే తీపి నెమ్మదిగా ఎక్కుద్దమ్మా. అంత టైం లేదు," అన్నాను.

బల్ల మీద ద్రాక్షరసం సీసా ఉంది. పంచదార పోసి కాచింది లూర్దమ్మే. బాప్తిస్మం లేని నేను దాన్ని ముట్టుకోకూడదు. పాస్టరుగారి వైపు చూశాను. ఆయనే మూత తీసిచ్చారు.

"మింగు లూర్దూ. తర్వాత తిడుదువుగాని."

గుక్కగుక్కగా మింగింది. పావుగంటసేపు నాకు ఒక్క జోకూ తట్టలేదు.

చూపు నిలిచాక సీసాని చూసింది, నన్ను చూసింది.

"మూడేళ్ళ నుంచి ఈ ఉపవాసం దేనికనుకున్నారండీ?"

"షుగరు తగ్గడానికేమో అనుకున్నా."

"మీరొక్కసారి ఈ బల్ల దాకా రావాలని."

ఆ లడ్డు తీసి ఆమె చేతిలో పెట్టాను.

"వచ్చాగా. ఇంక లడ్డు తిను."