వెనక మూల పిల్లర్

డ్రాయింగు మాస్టారు ఇంటి మీద మేడ వేయడానికి ప్లాను తనే గీసుకున్నారు.

చెట్టు గీస్తే ఆకులు కదిలినట్టుండే చెయ్యి ఆయనది. ఇక ఇల్లొక లెక్కా? కిటికీలకు కర్టెన్లు, మెట్ల పక్కన పూలకుండీలు కూడా రంగుల్లో వేశారు. నేల కింద ఏముందో మాత్రం అందులో లేదు.

"ఒకసారి ఇంజనీరుకి చూపిద్దాం సార్," అన్నాడు మేస్త్రీ, మాటవరసకి.

"గీత గీయడం నాకంటే ఆయనకి ఎక్కువ తెలుసా?" అన్నారు మాస్టారు.

మేస్త్రీ మళ్లీ ఆ ఊసెత్తలేదు.

మేడ చెల్లెలి కోసం. భర్త పోయాక ఇద్దరు పిల్లలతో అద్దె ఇంట్లో ఉంటోంది. మూడు నెలల్లో ఆ ఇల్లు ఖాళీ చేయాలి. అందుకే మాస్టారికి కాలు నిలవడం లేదు.

పని మొదలైన రోజే గేటు దగ్గర ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. ఉతికి ఉతికి ఆయన చొక్కా రంగు ఏదో తెలియకుండా పోయింది.

"అయ్యా, వెనక మూల పిల్లర్ మీద బరువు పెట్టకండి."

"మీరు ఇంజనీరా?"

"కాదయ్యా."

"పోనీ మేస్త్రీనా?"

"మట్టి మోసేవాణ్ణి. ఇప్పుడు అదీ చేతకాదు."

మేస్త్రీ నవ్వాడు. "ఇల్లు మొదలుపెడితే చాలు సార్, దారిన పోయే దానయ్య కూడా సలహా చెప్పేవాడే."

మాస్టారూ నవ్వారు.

మర్నాడు ముసలాయన మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. దానిమీద ఒక ఇంజనీరమ్మ అడ్రసు, ఫోను నంబరు.

"ఆవిడ మట్టి పరీక్ష చేయిస్తుందయ్యా. పునాది పక్కన తవ్వి చూసి, ఎంత బరువు మోస్తుందో రాసిస్తుంది. ఒక్కసారి పిలవండి."

"ఇందులో మీ కమిషనెంత?"

ముసలాయన ముఖం చిన్నబోయింది. కాగితాన్ని ప్రహరీగోడ మీద పెట్టి, ఎగిరిపోకుండా ఒక రాయి ఉంచి వెళ్లిపోయాడు.

మూడోరోజు వెనక మూల ఇనుప చువ్వలు కడుతుంటే ఏకంగా లోపలికే వచ్చాడు. ఆ పిల్లర్ పక్కన నేలమీద చతికిలబడ్డాడు.

"ఇక్కడ తవ్వి చూడండయ్యా. ఏమీ లేకపోతే నన్ను నాలుగు తన్ని పంపండి."

"ఏముందని తవ్వాలి? ఈ ఇల్లు మా నాన్న దగ్గరుండి కట్టించారు. ఆయనకి తెలియంది మీకు తెలుసా?"

ముసలాయన ఏదో చెప్పబోయి ఆగిపోయాడు.

"తవ్వండయ్యా," అన్నాడు మళ్లీ.

మేస్త్రీ రెక్క పట్టుకుని లేపాడు. గేటు అవతలికి నడిపించి గడియ పెట్టాడు. మాస్టారు చూస్తూ ఊరుకున్నారు.

ఆ తర్వాత ఆయన రాలేదు. పీడ వదిలిందనుకున్నారు మాస్టారు.

ఆదివారం చెల్లెలు పిల్లలతో వచ్చింది. మేస్త్రీ ఈ సంగతంతా హాస్యంగా చెప్పాడు. ఆమె నవ్వలేదు.

"ఆ మూల పైన ఏ గది వస్తుందన్నయ్యా?"

"పిల్లలు పడుకునే గది."

"ఆయనిచ్చిన కాగితం ఎక్కడుంది?"

అది ఇంకా గోడ మీద రాయి కిందే ఉంది. అక్కడే నిలబడి ఫోను చేసింది. ఇంట్లో కష్టం వచ్చిందని, పది రోజులు ఆగగలరా అని అవతలి నుంచి అడిగారు.

"ఆగుతామండీ," అంది చెల్లెలు.

"ఆగితే మేస్త్రీ ఇంకో పనికి పోతాడమ్మా."

"పోతే పోనీ అన్నయ్యా. పిల్లలు పడుకునే చోటు."

ఇంజనీరమ్మ చెప్పిన రోజుకే వచ్చింది. ఎక్కడ తవ్వాలో ఎవర్నీ అడగలేదు. నాలుగడుగుల లోతున పునాది రాయి అయిపోయింది. దాని కింద గడ్డపార వేస్తే అడ్డూ ఆపూ లేకుండా దిగింది. ఇటుక ముక్కలు, బూడిద, పెంకులు పైకొచ్చాయి. పక్కన ఇంకొంచెం తవ్వితే గుండ్రటి రాతికట్టు కనిపించింది.

"బావి," అందామె. "పూడ్చి, మట్టి గట్టిపడేలా దిమ్మిస కూడా కొట్టకుండా మీద పిల్లర్ లేపారు. కింది ఇల్లు తేలిక కాబట్టి ఇన్నాళ్లు ఆగింది. మేడ పడితే ఈ మూల దిగిపోయేది."

చెల్లెలు పిల్లలిద్దరినీ దగ్గరికి లాక్కుంది. మేస్త్రీ తలకు చుట్టిన తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మరి మార్గం లేదా అమ్మా?" అడిగారు మాస్టారు.

"ఉందండీ. బరువు ఈ మూల మీద పడకుండా ప్లాను మారుస్తాను. మేడ వేసుకోవచ్చు."

"మీ అడ్రసిచ్చిన ఆ పెద్దాయన ఇల్లెక్కడో చెప్పమ్మా. కాళ్లు పట్టుకోవాలి. రెక్క పట్టి గెంటేస్తుంటే చూస్తూ నిలబడ్డాను."

"పోయి రెండువారాలు కూడా కాలేదండీ. మా నాన్న."

మాస్టారు అక్కడే ఇటుకల కుప్ప మీద కూర్చుండిపోయారు.

"బావి ఉందని ఒక్క మాట చెప్పి ఉంటే తవ్వించేవాణ్ణి కదమ్మా," అన్నారు.

"చెబితే, మీ నాన్నగారు దీన్ని ఎందుకంత గుట్టుగా, తొందరగా పూడ్పించారో కూడా చెప్పాలి. పోయినవాళ్ల గురించి కొడుకు దగ్గర చెడు మాట్లాడకూడదన్నారు. వాళ్లు పిలిస్తే నువ్వు వెళ్లు, పిలవకపోతే నేనే మళ్లీ వెళ్తానన్నారు."

"ఎందుకు పూడ్పించారమ్మా?"

ఆమె గోతిలోకి చూస్తూ, మెల్లగా చెప్పింది.

"మీ ఇల్లు కట్టేటప్పుడు ఈ బావి అంచు విరిగి, మా నాన్న చూస్తుండగానే, నెత్తిమీద మట్టిగంపతో లోపలికి పోయింది మా అమ్మండీ."