మందారం పూయించిన పుంజు

ఆ పెరట్లో మందారం విరగబూసేది. పూలు జడల్లోకి, ఆకులు తలంటుకి పోయేవి. "నేను కూస్తేనే ఈ మొగ్గలు విచ్చుకుంటాయి" అని రోజూ గోడెక్కి చెప్పుకునేది పుంజు. బాతు, మేక అవునంటూ తలలూపేవి. పాదులో మట్టి గుల్ల చేసి, ఆకుల కింద పిండిపురుగులు ఏరే పెట్ట ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఒకసారి పెట్ట గంపలో గుడ్లు పొదగడానికి కూర్చుంది. కొద్దిరోజులకే కొమ్మలకి పిండిపురుగు పట్టింది, మొగ్గలు రాలిపోయాయి. పుంజు గొంతు పగిలేలా కూసింది.

"అన్నా, నీ కూతకి పురుగు చావదు. నేనే చచ్చేలా ఉన్నాను" అంది మందారం.

పుంజు గంప దగ్గరికొచ్చి గద్దించింది. "చెట్టు చస్తుంటే కులాసాగా కూర్చున్నావేం? లేచి పురుగులు ఏరు."

"నేను లేస్తే గుడ్లు చల్లారిపోతాయి. పూయించేది నువ్వేగా, నువ్వే ఏరు" అంది పెట్ట.

గత్యంతరం లేక పుంజు పాదులోకి దిగింది. వంగి వంగి మెడ పట్టేసింది, ముక్కంతా పిండి అంటుకుంది. చెట్టు మళ్లీ మొగ్గ తొడిగింది.

"ఏం బావా, ఈమధ్య నీ కూత వినబడటం లేదు?" అని అడిగింది బాతు.

"నోరు ఖాళీగా ఉంటేగా కూయడానికి" అని విసుక్కుంది పుంజు.

గంపలోంచి పెట్ట అడిగింది. "మరి ఇన్నాళ్లూ నా నోరు ఎప్పుడు ఖాళీగా ఉంది?"