తేటపడ్డ గోడ

పోతపోసిన రెజిన్ గోడల అపార్ట్‌మెంట్లు వచ్చాక ప్రతి ఇంట్లోనూ ఒక నీలం టార్చి ఉంటోంది. గోడ పగిలితే కాస్త రెజిన్ పూసి ఆ వెలుగు చూపిస్తే చాలు, రాయిలా గట్టిపడుతుంది. కాకపోతే వెలుగు ఎక్కువ తగిలితే పాలలా తెల్లగా ఉన్న గోడ కాస్తా అద్దంలా తేటపడిపోతుంది.

వకుళ పడగ్గది గోడ రోజురోజుకీ తేటపడుతోంది.

"ఇదంతా పక్కింటి సుభాషిణి పనేనండీ. అటునుంచి టార్చి వేసి మన గుట్టు లాగుతోంది. మొన్న లిఫ్టులో నన్ను చూసి మొహం తిప్పేసుకుంది కూడా!" అంది మొగుడితో.

"ఆవిడకి వేరే పనేం లేదా?" అన్నాడు గోపాలం.

"నిన్న గోడలోంచి నీడ కనిపించింది. రెండు చేతులూ పైకెత్తి గోడంతా తడుముతోంది."

"నీకెలా కనిపించింది?"

"దాన్ని పట్టుకుందామని రోజూ టార్చి గోడకి ఆనించి చూస్తున్నాగా!"

గోపాలం ఏదో అనబోయాడు. వకుళ వినిపించుకోకుండా మళ్లీ టార్చి నొక్కింది. గోడలో మిగిలిన ఆ కాస్త మసకా విడిపోయింది.

అవతల సుభాషిణి లేదు. ఈ మూల నుంచి ఆ మూల దాకా, వేలెడు సందైనా లేకుండా, నిన్న కట్టిన మందపాటి దుప్పట్లు వేలాడుతున్నాయి.