గాలి పడని సీనియర్

మెడికల్ కాలేజీ రీడింగ్ రూమ్‌లో ఫ్యాన్ మళ్లీ ఆగిపోయింది.

అమ్మాయి విసుగ్గా పుస్తకంలోంచి తలెత్తింది. స్విచ్ నొక్కిన మనిషి మెల్లగా మూల బెంచీ వైపు వెళ్తున్నాడు.

"అన్నయ్యా, ఉడికి చస్తున్నాం. ఊరికే ఫ్యాన్ ఎందుకు కట్టేస్తారు?"

"నాకు గాలి పడదు చెల్లీ."

అతని తెల్లకోటు పాతబడి పసుపురంగులోకి దిగింది. చూస్తే సీనియర్‌లా ఉన్నాడు, ముందున్నది మాత్రం తమ వైరాలజీ పుస్తకమే. ఫెయిలై సప్లీ రాసే బాపతని అమ్మాయి తేల్చేసింది. పాపం, ఇది ఎన్నో దండయాత్రో!

తన సంగతీ అంతంతమాత్రమే. రేపే వైవా. అది గట్టెక్కకపోతే ఏడాది గోవిందా.

అందుకే పైకి వల్లె వేయడం మొదలుపెట్టింది.

"రేబిస్. వైరస్ గాయం నుంచి నరాల వెంట మెదడుకు పాకుతుంది. లక్షణాలు మొదలయ్యాక బతికించే మందు లేదు..."

"కరవగానే ఏం చేయాలి?" మూల నుంచి అడిగాడతను.

"ధార కింద సబ్బుతో పావుగంట కడగాలి. అదే రోజు టీకా మొదలుపెట్టాలి. రక్తం వస్తే గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఎక్కించాలి." గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది.

"పదికి పది మార్కులు. మరి ఆ వేలికేమైంది?"

అమ్మాయి ప్లాస్టర్ వేసిన వేలు పుస్తకం కింద దాచింది.

"ఏం లేదు. మొన్న హాస్టల్ మెట్ల కింద కుక్కపిల్లకి బిస్కెట్ పెడితే పన్ను తగిలింది. పసిది కదా, ఆడుకుంటూ కొరికింది."

"రక్తం వచ్చిందా?"

"కొంచెం."

"టీకా?"

"వైవా అయిపోయాక వేయించుకుంటా. ఇప్పుడెళ్తే క్యూలోనే సగం పూట పోతుంది."

గదిలో ఉన్నట్టుండి చలి పుట్టింది. ఫ్యాన్ ఆగే ఉంది.

"ఆ మాట అనకు చెల్లీ. ఇప్పుడే వెళ్లు."

"ఎందుకంత కంగారు? ముందు ఈ మంచినీళ్లు తాగండి."

సీసా చాపగానే అతను గొంతు పట్టుకుని గోడకు అతుక్కుపోయాడు.

"అటు పెట్టెయ్!"

అమ్మాయికి నవ్వొచ్చింది.

"గాలీ పడదు, నీళ్లూ పడవు. చదివింది వంటబట్టడమంటే ఇదేనేమో!"

అతనూ నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఎందుకో ఆమెకు ఇంకో జోకు వేయబుద్ధి కాలేదు.

"ఒక బేరం. నువ్వెళ్లి టీకా వేయించుకురా. రేపు వైవాలో మైక్రోస్కోప్ కింద ఏ స్లైడ్ పెడతారో చెబుతా."

"నిజంగా తెలుసా?"

"నాకు తెలియకపోతే ఇంకెవరికీ తెలియదు."

ప్రాణభయం కదిలించలేని మనిషిని మార్కుల ఆశ కదిలించింది. అమ్మాయి లేచింది.

"నేనొచ్చేదాకా ఉంటారుగా?"

"ఇక్కడ లేకపోతే రేపు వైవా దగ్గర కలుద్దాం. నేనూ అక్కడే ఉంటా."

ఇంజెక్షన్ గదిలో నర్సు చీవాట్లు పెట్టింది.

"డాక్టరమ్మవి కాబోతూ ఇన్నాళ్లు ఆగావా? దీపం కింద చీకటంటే ఇదే."

వేలి గాయంలోకి సూది దిగితే కళ్లలో నీళ్లు తిరిగాయి. చెయ్యి పట్టుకుని పరుగున తిరిగొచ్చింది.

మూల బెంచీ ఖాళీ. పైన ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది.

"మోసగాడు! నా పూటంతా గంగలో కలిపాడు. ఇలాంటి వాడు సప్లీలు రాయక ఏం చేస్తాడు?" అని నోటికొచ్చినట్టు తిట్టుకుంది.

పొద్దున్నే హాస్టల్ మెట్లు దిగుతుంటే వాచ్‌మన్ అడ్డుపడ్డాడు.

"ఇటు రాకమ్మా. కుక్కపిల్ల చచ్చిపోయింది. నోటి నిండా నురగే. రెండ్రోజులుగా కనబడిన కర్రనల్లా కొరికిందట."

అమ్మాయి వేలు గట్టిగా పట్టుకుని అక్కడే మెట్టు మీద కూలబడింది.

వైవా గది బయట వరుసంతా వెతికింది. తిట్టిన నోటితోనే చేతులెత్తి దండం పెడదామనుకుంది. అతను లేడు.

లోపల తల నెరిసిన ఎగ్జామినర్ మైక్రోస్కోప్ చూపించారు. అమ్మాయి వంగి చూసింది. ఊదారంగు కణాల్లో గుండ్రటి ఎర్రమచ్చలు.

"నెగ్రి బాడీస్ సార్. రేబిస్ సోకిన మెదడు."

"శభాష్."

ఆయన ఆ స్లైడ్ వైపే చూస్తూ ఉండిపోయారు.

"ఇది నా క్లాస్‌మేట్‌దమ్మా. వైరాలజీలో వాణ్ని కొట్టేవాడు లేడు. వేలి మీద చిన్న పంటిగాటు. పరీక్ష అయ్యాక టీకా వేయించుకుంటాన్రా అన్నాడు. పరీక్ష రాశాడు, ఫస్టొచ్చాడు. రిజల్టు చూసుకోవడానికే లేడు."

అమ్మాయి తన వేలి ప్లాస్టర్ వైపు చూసుకుంది.

"చివర్లో మంచినీళ్లు చూపిస్తే గొంతు పట్టుకునేవాడు. ఫ్యాన్ గాలి తగిలితే గిలగిల్లాడేవాడు. ఆ బాధ కాస్త తెరిపిచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకుని, 'నా మెదడు ఇక్కడే ఉంచండ్రా, వెనకొచ్చే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ పనికొస్తుంది' అన్నాడు."

అమ్మాయి ఏడుస్తూ లేచింది. గోడ దగ్గరికి వెళ్లి, మైక్రోస్కోప్‌కి పైన తిరుగుతున్న ఫ్యాన్ కట్టేసింది.

నేనూ అక్కడే ఉంటానన్న అన్నయ్య మాట తప్పలేదు.