ఊడిన ఆకు

ఉలి జారింది. రాతి మీద చెక్కుతున్న మల్లెతీగ చివరి ఆకు ఊడి నా ఒళ్ళో పడింది.

నా భార్య సమాధికి పెట్టే రాయి అది. ఈ వయసులో పని నేర్చుకుంటూ నేనే చెక్కుతున్నాను.

"చెడగొట్టేశావు!" అన్నాడు బావమరిది. "మిషన్‌కి ఇస్తే గంటలో చెక్కి ఇస్తారు బావా. ఖర్చు నేను చూసుకుంటానంటే వినవు. మా అక్క రాయి చూసి నలుగురూ నవ్వాలా?"

"మీ అక్క మంచాన పడ్డప్పుడు ఏ మిషన్‌ని పంపావురా?"



నాకు పని నేర్పే మేస్త్రి ఆకు ఊడిన చోట వేలితో తడిమాడు.

"అతికిద్దామా?" అని అడిగాను.

"మొదటి వానకే ఊడుతుంది పెద్దాయనా. కొత్త ఆకు ఈ రాయిలోంచే రావాలి. అంటే చుట్టూ ఇంకా లోతుకు తవ్వాలి. ఇప్పటిదాకా చెక్కిన పువ్వులన్నీ కొట్టేసి, ఆ లోతులో మళ్ళీ మొదలుపెట్టాలి."

"బాగున్నవి కూడానా?" బావమరిది అదిరిపడ్డాడు.

అన్నిటికంటే బాగా కుదిరిన పువ్వు మీద ఉలి ఆనించి సుత్తితో కొట్టాను. రేకులు లేచిపోయాయి. పక్క పువ్వు మీద కూడా కొట్టాను.

వాడు చాలాసేపు నిలబడి చూశాడు. తర్వాత ఇస్త్రీ ప్యాంటుతోనే రాతిపొడిలో నా ఎదురుగా చతికిలబడ్డాడు.

"ఒక్క పువ్వు నేను చెక్కనా బావా?"

"వద్దు. దుమ్ము ఊదు."

వాడు రాయి మీదకి వంగి ఊదాడు. పొడి కళ్ళలో పడుతుందని నేను చెప్పలేదు.