ఇరవయ్యో అంకె

ఒక్క రోజులో కొండలూ మూడు కోటలూ చూపించి తీసుకొచ్చే బస్సు అది. ప్రతి చోటా బయల్దేరే ముందు ప్రయాణికులు ఎవరి నంబరు వాళ్లు పలకాలి. పందొమ్మిదీ అయ్యాక గైడు "ఇరవై" అంటాడు. "నన్నూ లెక్కేసుకోండి బాబూ, ఇంట్లో ఎలాగూ లెక్కేసేవాళ్లు లేరు" అని నవ్విస్తాడు.

ఆఖరి కోట దగ్గర చీకటి పడింది. బస్సులో పదమూడు తర్వాత ఎవరూ పలకలేదు. పద్నాలుగు ఒంటరిగా వచ్చిన బామ్మగారిది. కొండ మీద రాత్రి చలికి ముసలి ప్రాణం తట్టుకోదు. గైడు టార్చి తీసుకుని మెట్లెక్కాడు. కోట మధ్య ఖాళీ స్థలంలో నిలబడి "పద్నాలుగూ!" అని కేకేశాడు.

ఫోన్ మోగింది.

"అన్నా, దిగిరా," అన్నాడు డ్రైవరు. "బామ్మగారు వెనక సీట్లో ముసుగుతన్ని పడుకుంది. ఆ గురక ఇంజనుదనుకున్నాం. అందరూ ఉన్నారు, నువ్వే తక్కువ."

గైడు నవ్వుకుని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"పద్నాలుగు" అని పైనుంచి వినిపించింది.

తన కేకే తిరిగొచ్చిందనుకున్నాడు. కానీ అది ఆడగొంతు. గోడ అవతలి నుంచి ఒక మగగొంతు "పదిహేను" అంది. బురుజు కింద పదహారు, బావి దగ్గర పదిహేడు. టార్చి వేసిన చోటల్లా రాళ్లే కనిపించాయి. పద్దెనిమిది అతని పక్కనే వినిపించింది. పందొమ్మిది, అతను వచ్చిన గుమ్మంలోంచి.

తర్వాత ఎవరూ పలకలేదు.

కింద బస్సు హారన్ రెండుసార్లు మోగింది. ఇక్కడ మాత్రం ఎవరూ తొందరపెట్టలేదు. ఇరవై కోసం ఆగారు. అతని కోసం ఎవరైనా ఇలా ఆగి ఏళ్లయింది.